ఒక్క మనిషి పడవ

మూడు పడవలు చూపించారు కురియన్ గారు,
విశాఖలో, రేకుల షెడ్డులో.
మొదటిది చెక్కది. ఆ వార్నిష్ మెరుపుకి
నా చెయ్యి దానంతటదే వెళ్ళి వాలింది.
"అది గోడకి తగిలించుకునేదమ్మా" అన్నారాయన.
రెండోది చవక. డెక్కు మీద బొటనవేలు పెడితే
మాగిన పనసలా లోపలికి దిగింది.
మూడోది పసుపు. పసుపు కూడా కాదు,
ఎండకి వెలిసిన బడిపిల్ల రిబ్బను రంగు.

గురువులు మావ కళింగపట్నం నుంచి
రెండు బస్సులు మారి నాతో వచ్చాడు.
"నువ్వు రంగు సూత్తావు,
నాను సప్పుడింటాను" అన్నాడు దారిలో.
పుచ్చకాయల బండి ముందు నిలబడ్డట్టు
ముక్కు నుంచి చుక్కాని దాకా
వేలి కణుపుతో తట్టుకుంటూ పోయాడు.
ఒకచోట ఆగి, మళ్ళీ తట్టి,
"ఇక్కడ అతుకుంది" అన్నాడు.
కురియన్ గారు తల దించుకున్నారు:
ఎప్పుడో రాయి తగిలిందట.

తరవాత తెరచాప కొయ్య దిగే గొట్టంలో
తన సీసా నీళ్ళు అంచుదాకా పోసి
"పదండి, టీ తాగొద్దాం" అన్నాడు.
మేం తిరిగొచ్చేసరికి
నీళ్ళు పోసినచోటే ఉన్నాయి,
పైన ఒక చీమ ఈదుతూ.
"ఇప్పుడడుగు దర."

"నీ బరువెంత?" నన్నడిగారు కురియన్ గారు.
అరవై రెండు.
"గాలి పెరిగితే చాలవు. చిన్న తెరచాప తీసుకో."
గార బడిలో నాలుగొందల మందిని
ఒక్క ఈలతో వరసలో నిలబెడతాను సార్, అన్నాను.
"గాలికి ఈల వినపడదు" అన్నారు.
ఎందుకమ్ముతున్నారంటే
పంచె ఎత్తి మోకాళ్ళు చూపించారు:
"వీటిని ఎవరూ కొనరు కదా."

స్కూటీ మారుద్దామని కట్టిన చీటీ, అరవై వేలు,
నోట్ల కట్టగా ఆయన చేతికి వెళ్ళింది.
నాతవలస టోలుగేటు దగ్గర
బొలేరో వెనక కొయ్యకి కట్టిన ఎర్రగుడ్డ చూసి
కుర్రాడు ఆపాడు.
"ఏటండి ఇది?"
పడవ.
"మరి ఇంజనేదీ?"

ఊళ్ళో ఇసక మీద దించాక
చుట్టూ మూగారు మావాళ్ళంతా.
వలెక్కడ ఎడతావే? పెట్టను.
సేపలు? పట్టను.
ఇంకో మనిసెక్కడ కూకుంటాడు? కూచోడు.
మరేటికే ఇది?
పందేనికి.
"ఎవులితోటి?" అంది చేపలబుట్ట దించుతూ మా అమ్మ.
ముప్పయ్యేళ్ళు ఆ బుట్ట మోసింది,
ఒక్కనాడు చుక్కాని ముట్టనివ్వలేదెవరూ.
ఆమెకి చెప్పడానికి నా దగ్గర జవాబు లేదు.
"పందేనికి రెండు కోళ్ళుండాల గదే పిచ్చిదానా!"

ఆదివారం మధ్యాహ్నం, వంశధార నోటి దగ్గర,
ఇసకమేట లోపల, నీళ్ళు ఉప్పో తీపో తేల్చుకోని చోట,
కాలేజీలో నేర్చింది కాళ్ళు మరిచిపోయాయి.
రెండుసార్లు తిరగబడ్డాను.
ఒడ్డున ఎవరో ఈలేశారు, నా ఈలే,
ఇసకలో ఒదిలేసి వెళ్ళాను.
మూడోసారి గాలి తెరచాపలోకి వచ్చి కూచుంది.
మోకు పిడికిట్లో బతికి గుంజింది.
పాదాలు పట్టీ కింద ఇరికించి
వెన్ను నీళ్ళ మీదికి వాల్చాను.
లైటుహౌసు ఒక పక్కకి ఒరిగింది,
ఒరిగింది నేనని ఆలస్యంగా తెలిసింది.
అరవై రెండు కిలోలు. మొదటిసారి
అందులో ఒక్క కిలో కూడా వృథా పోలేదు.

ఒడ్డుకొచ్చేసరికి
తొమ్మిదో తరగతి నూకరత్నం
ఈల తాడు వేలికి చుట్టుకుంటూ నిలబడింది.
"టీచరు, ఆ రెండోది,
మెత్తగుందన్నారే, ఎంత సెప్పారు?"
మావ వల కుడుతున్నాడు. తలెత్తలేదు.
"మెత్తంత కోసి అతకొచ్చు" అన్నాడు సూదితోనే చెబుతున్నట్టు.

వేలంపాట అయ్యాక, పొలుసులు అంటుకున్న
చేపల కాటా మీద నిలబడింది నూకరత్నం.
నలభై ఆరు.
చిన్న తెరచాపైనా ఎక్కువే, అనబోయాను.
అప్పటికే మావ చెప్పుల కోసం వెతుకుతున్నాడు,
చేతిలో ఖాళీ నీళ్ళ సీసాతో.